తాళ్ళ ట్రెబెల్లియస్ ఇంటి మైల

గోడ అవతల కొరడా పడిన ప్రతిసారీ నా చేతిలోని తడిగుడ్డ ఆగిపోతోంది.

నేను తాళ్ళ ట్రెబెల్లియస్ శవాన్ని కడుగుతున్నాను. ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. పెద్దాయన భార్య పోయి చాలా ఏళ్ళయింది, కోడలు పురిట్లోనే పోయింది. అందుకే పక్కింటి విధవరాలినని నన్ను పిలిచారు. మామూలుగా ఈ వీధిలో ఏదైనా పోతే, వెతికిపెట్టు హెరెన్నియా అంటూ నా గుమ్మంలోకి వస్తారు. పోయిన ఉంగరం, పారిపోయిన గాడిద, ఎవరో ఎత్తుకెళ్ళిన పెళ్ళి దుప్పటి, అన్నీ వెతికిపెట్టాను. ఈరోజు మాత్రం ఎవరూ వెతకమనలేదు. కడగమన్నారు, అంతే.

పెరట్లో లీసో మళ్ళీ అరిచాడు. మన మాటల్లో కాదు, గ్రీకులో. ఇన్నేళ్ళుగా ఈ వీధిలో మనలాగే మాట్లాడినవాడు దెబ్బలకి తన చిన్నప్పటి భాషలోకి వెళ్ళిపోయాడు.

లీసో ట్రెబెల్లియస్ బానిస. ఆ ఇంటి తాళ్ళన్నీ పేనింది అతనే. ఈరోజు పొద్దున పెద్దాయన అతన్ని మార్స్ మైదానానికి తీసుకెళ్ళాలి. జనాభా లెక్కలు రాయించే పెద్దల ముందు నిలబెట్టి, "వీణ్ణి కూడా పౌరుల్లో రాయండి" అనాలి. ఆ ఒక్క మాటతో లీసో స్వతంత్రుడైపోయేవాడు. పెద్దాయన ఈ సంగతి కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. మా తెగ వాళ్ళు ఆస్తిపాస్తులు చెప్పుకోవడానికి ఈరోజే ఆఖరు. రేపు తెల్లవారగానే పందినీ, పొట్టేలునీ, ఎద్దునీ జనం చుట్టూ తిప్పి బలిస్తారు. ఊరు శుద్ధి అవుతుంది. మళ్ళీ అయిదేళ్ళ దాకా లెక్క ఉండదు.

పెద్దాయన మైదానానికి వెళ్ళనే లేదు. మధ్యాహ్నం కొడుకు సెర్వియస్ ఇంటికి వచ్చి చూస్తే తాళ్ళ కొట్టంలో నార మోపుల కింద తండ్రి శవమై ఉన్నాడట. మెడకి కొత్త తాడు. లీసోని మైదానం కంచె దగ్గర పట్టుకుని ఈడ్చుకొచ్చారు.

ఇంతవరకూ వీధిలో అందరికీ తెలిసిందే. తెలియనిది నా చేతుల కింద ఉంది.

పెద్దాయన చెయ్యి మడవబోయాను. వంగలేదు. కాళ్ళు సరిచేద్దామని మడమ పట్టుకుని ఎత్తితే, ఒళ్ళు నడుము దాకా లేచింది. కర్రలా బిగుసుకుపోయాడు. పక్కకి తిప్పి వీపు చూశాను. ఊదారంగు తిరిగిపోయింది. వేలితో గట్టిగా నొక్కాను. నొక్కిన చోట తెల్లబడలేదు.

నా భర్తని ఈ చేతులతోనే కడిగాను. అత్తగారిని కడిగాను. ఈ వీధిలో పోయినవాళ్ళలో సగం మందిని కడిగాను. పొద్దెక్కాక పోయినవాడు మధ్యాహ్నానికి ఇలా కట్టె కాడు. ఈయన రాత్రే పోయాడు. మైదానంలో మొదటి కొమ్ము ఊదకముందే, కోడి కూయకముందే పోయాడు.

గుడ్డ పిండి పక్కన పెట్టి తాళ్ళ కొట్టంలోకి వెళ్ళాను.

పొడుగాటి కొట్టం అది. ఒక చివర చక్రం, మరో చివర కొక్కేలు. శవం దొరికిన మూల నార మోపులు ఇంకా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తి చూశాను. బరువే. అలాంటివి నాలుగైదు తెచ్చి శవం మీద పేర్చారు. మోపుల కట్లు విప్పలేదు, ఒక్క నారపోగు కూడా నేల మీద రాలలేదు. కంగారులో చేసిన పని కాదు. చంపి పారిపోయేవాడు మోపులు మోస్తూ కూర్చోడు. శవం కొంతసేపు కనబడకూడదు అనుకున్నవాడే మోస్తాడు.

కొంతసేపు ఎందుకు కనబడకూడదు? ఎప్పటికీ కనబడకూడదంటే ఏరు పక్కనే ఉందిగా.

కొరడా మళ్ళీ మోగింది. పళ్ళు బిగపట్టి బిందె తీసుకుని పెరట్లోకి నడిచాను.

లీసోని కొక్కేలు బిగించే గుంజకి కట్టారు. అతను పేనిన తాడుతోనే కట్టారు. కొడుతున్నవాడు కాటిపని చేసే మనిషి, అతనికి చావు ఇంటి భయం లేదు. కొట్టిస్తున్న ఒఫిలియస్ మాత్రం పెరటి వాకిలికి అవతల, సందులో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. చెరసాల పెద్దల కింద నేరాలు తేల్చే ఉద్యోగం అతనిది. వాకిలి గడప దాటకుండా, మెడ సాచి కేకలతోనే విచారణ జరుపుతున్నాడు.

"ఏయ్ విధవమ్మా! నీ పని లోపల. ఇటెందుకొచ్చావు?"

"నీళ్ళకి."

బావిలోంచి బిందె తోడి నేరుగా లీసో దగ్గరికి వెళ్ళి నోటికి అందించాను. కాటిమనిషి కొరడా దించి పక్కకి తప్పుకున్నాడు. అతనికీ చెయ్యి నొప్పి పుట్టినట్టుంది.

"వాడికెందుకు నీళ్ళు?" అన్నాడు ఒఫిలియస్.

"నోరు ఎండిపోతే నువ్వు చెప్పమన్నది ఎలా చెప్తాడు?"

సందులో మూగిన జనంలో ఒకరిద్దరు నవ్వారు. ఒఫిలియస్ నవ్వలేదు.

"లీసో," అన్నాను మెల్లగా, "రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

"రేవులో, పడవ మీద అమ్మగారూ. తాళ్ళు ఎక్కించి కాపలా ఉండమని చిన్నయ్యగారు పంపారు. పొద్దున అట్నుంచి అటే మైదానానికి వచ్చెయ్యమన్నారు. పెద్దయ్యగారి మాటే అన్నారు."

"పడవ వాళ్ళెక్కడ?"

"చీకటితోనే సముద్రం వైపు వెళ్ళిపోయారు."

"పొద్దున చిన్నయ్యగారు కనిపించారా?"

"కంచె దగ్గర కనిపించారు. ఉతికిన తెల్లబట్టల్లో ఉన్నారు. పెద్దయ్యగారు ఏరి అని అడిగాను. వెనకాల వస్తున్నారు, ఇక్కడే నిలబడు అన్నారు." ఇంకో గుక్క తాగాడు. "నిలబడ్డాను."

"ఎంతసేపు?"

"వీళ్ళొచ్చి పట్టుకునేదాకా."

బిందె మళ్ళీ అతని నోటికి వంచాను. నీళ్ళు అతని మెడ మీద ఒలికాయి. అతను తల ఎత్తి నా మొహంలోకి చూశాడు.

"నేనెందుకు చంపుతానమ్మా? ఆయన నా చెయ్యి పట్టుకుని తీసుకెళితే తప్ప నేను ఆ కంచె దాటలేను. ఆయన లేకపోతే నేను ఏమవుతాను?"

"విన్నావా ఒఫిలియస్?" అన్నాను.

"విన్నాను. కట్టు విప్పి ముద్దు పెట్టుకోమంటావా?" పీట మీద వెనక్కి వాలాడు. "కొరడా పడకుండా బానిస చెప్పేది సాక్ష్యం కాదు."

"పడ్డాక చెప్పేది?"

"అది సాక్ష్యం."

"ఆ లెక్కన నిన్ను కట్టేసి కొడితే పెద్దాయన్ని నువ్వే చంపానంటావు."

"నోరు అదుపులో పెట్టుకో. వీడి బుద్ధి నాకు తెలుసు. ముసలాడు ఆఖరి నిమిషంలో మాట మార్చాడు, వీడికి ఒళ్ళు మండింది, తాడు అందుబాటులో ఉంది. అయిపోయింది."

"ఎప్పుడు జరిగింది?"

"పొద్దెక్కాక. కొడుకు మైదానానికి వెళ్ళాడు, ఇంట్లో ముసలాడు ఒక్కడే ఉన్నాడు. వీడొచ్చి పని ముగించి, మళ్ళీ మైదానానికి పోయి ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు."

"శవాన్ని చూశావా?"

"నేనా?" తన తెల్లబట్ట అంచు ఎత్తి చూపించాడు. "రేపు శుద్ధిలో లెక్కల పెద్దల వెనక నిలబడాల్సిన మనిషిని. చావు ఇంట్లో అడుగు పెడితే మైల అంటుకోదూ?"

"అంటే చూడలేదు."

"చూడటానికేముంది? చచ్చాడు."

"రాత్రే పోయాడు. కాళ్ళు చేతులు కట్టెలయ్యాయి. వచ్చి పట్టుకుని చూడు."

"పెద్దాయనకి రాత్రి నుంచి నలతగా ఉందట. పొద్దున కొడుకుని పిలిచి, నా బదులు నువ్వెళ్ళి మన వివరాలు చెప్పిరా అన్నాడట. సెర్వియస్ నా ముందు నిలబడి చెప్పాడు. పౌరుడి మాట వినాలా, లెక్కలోకే రాని విధవ చెప్పే కాళ్ళూ చేతుల కబుర్లు వినాలా?"

"పొద్దున పెద్దాయన బతికే ఉన్నాడని సెర్వియస్ అన్నాడు. అంతేగా?"

"అంతే. నువ్వు లోపలికి పో." కాటిమనిషికి సైగ చేశాడు. "కానియ్యి."

నేను లోపలికి పోయాను. వీపు వెనక మళ్ళీ కొరడా మోగింది. ఆ చప్పుడు నా వీపు మీదే పడినట్టు ఉంది. గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట.

సెర్వియస్ నడవాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. తండ్రి పోయినవాడు కూర్చోవాల్సినట్టే కూర్చున్నాడు. జుట్టు విప్పుకున్నాడు, తల మీద బూడిద పోసుకున్నాడు. పొద్దున వేసుకున్న తెల్లబట్ట మాత్రం జాగ్రత్తగా మడిచి పెట్టె మీద పెట్టి ఉంది.

"అయిపోయిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"బట్ట చుట్టాలి. చేతులు వంగటం లేదు. విరగ్గొట్టమంటావా?"

ఇప్పుడు తల ఎత్తాడు.

"నువ్వు వెళ్ళేటప్పుడు నాన్న ఎక్కడున్నాడు?" అని అడిగాను.

"మంచం మీద."

"మాట్లాడాడా?"

"వెళ్ళిరా అన్నాడు. ఇవన్నీ నీకెందుకు? నువ్వు కడగడానికి వచ్చావు."

"నలతగా ఉన్న మనిషి మంచం దిగి తాళ్ళ కొట్టంలోకి ఎందుకు వెళ్ళాడంటావు?"

"ఆ గ్రీకు వెధవ ఈడ్చుకెళ్ళి ఉంటాడు."

"పాపం, లీసో ఆయన్ని చంపుకుని ఏం బాగుపడతాడు?"

అంతే, అతని మొహం మారిపోయింది. బూడిద కింద ఎర్రగా పొంగింది.

"పాపమా? ఎవరికి పాపం? వాడికి ఏం పేరు ఇవ్వబోయాడో తెలుసా నీకు? మా పేరు! విడుదలైన బానిసకి యజమాని వంశం పేరేగా వచ్చేది. ఈరోజునుంచి వాడు కూడా ట్రెబెల్లియసే! మా తాత యుద్ధంలో చచ్చి సంపాదించిన పేరు తాళ్ళు పేనేవాడికి! పైగా కొట్టంలో సగం కూడా వాడికేనట. నా ఎదురుగా, భోజనం దగ్గర, వాడే వడ్డిస్తుంటే చెప్పాడు. కొడుకుని నేనా, వాడా?"

"కోపం రాదా మరి," అన్నాను.

"రాదా!" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, నేనెందుకు అలా అన్నానో అర్థమై నోరు మూసుకున్నాడు. మొహం తిప్పుకుని, "నీ పని చూసుకో," అన్నాడు.

అప్పుడే వీధి గుమ్మం వైపు నుంచి కేక వినిపించింది. "వదినా! వదినోయ్! బయటికి రా! నేను లోపలికి రాను, రేపు శుద్ధికి వెళ్ళాలి!"

నా మరిది స్టాటియస్. నా భర్త పోయాక నాకు సంరక్షకుడు అతనే. ఆడదాన్ని కనుక నా ఇల్లూ, రెండు మేకలూ పెద్దల ముందు నేను చెప్పుకోకూడదు, నా తరఫున అతను చెప్పాలి. ఇంట్లో శవం ఉందని తెలియడానికి గుమ్మానికి కట్టిన చావుకొమ్మకి దూరంగా, వీధి మధ్యలో నిలబడ్డాడు.

"అక్కడే ఆగు. దగ్గరికి రాకు. శవాన్ని ముట్టుకున్నావుగా," అన్నాడు.

"చెప్పొచ్చావా?"

"చెప్పాను! ఏం చెప్పాను, కాళ్ళు విరిగిపోయాయి. ఎండలో నిలబెట్టి చంపారు. ఆ రాసేవాడు నా వయసు నమ్మడు. ఇంతేనా అంటాడు. మొహం చూసి ముసలివాణ్ణి అనుకున్నాడు దరిద్రుడు. నీ మేకలకి పాలెన్ని అని అడిగాడు. నాకేం తెలుసు? మేకనడుగు అన్నాను. ఇంకొంచెంలో నా పేరుకి మచ్చ పెట్టేవాళ్ళు."

"మన వీధివాళ్ళు ఎవరైనా కనిపించారా?"

"సెర్వియస్ నా ముందే నిలబడ్డాడు. పాపం, ఇంటికొచ్చి చూసేసరికి ఇలా. పొద్దున ఎంత ఉత్సాహంగా ఉన్నాడో! వరసలో నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. మా ఇద్దరికీ ఎప్పుడూ పడదు, తెలుసుగా. ఆ రాసేవాడు కూడా వాణ్ణి ఏమీ విసిగించలేదు. నాలుగు ముక్కల్లో తేలిపోయింది."

"ఏ నాలుగు ముక్కలు?"

"అందరూ చెప్పేవే. జూపిటర్ మీద ఒట్టు వేశాడు. నీ మనస్సాక్షిగా చెప్పు, పేరేంటి, తండ్రి పేరేంటి అన్నారు. చెప్పాడు. ఎవరి చేతి కింద ఉన్నావు అన్నారు. ఎవరి చేతి కిందా లేను, నాకు నేనే యజమానిని అన్నాడు. తాళ్ళ కొట్టం నాది, ఇల్లు నాది అన్నాడు. ముగిసింది."

నేను గుమ్మం దిగాను. స్టాటియస్ వెనక్కి గెంతాడు.

"వదినా! దగ్గరికి రాకన్నానా!"

"నాకు నేనే యజమానిని అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"నా రెండు చెవులతో విన్నాను. నాకూ వింతగానే అనిపించింది. జుట్టు నెరిసినా తండ్రి బతికున్నంత కాలం కొడుకు తండ్రి చేతి కిందేగా. సొంతం అంటూ వాడికేముంటుంది? ముసలాయన వీణ్ణి విడిగా వదిలేశాడేమో, మనకి చెప్పలేదేమో అనుకున్నాను. సరే, ఇప్పుడు ఎలాగూ ముసలాయన పోయాడుగా..."

ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది.

"ఇప్పుడు పోయాడు," అన్నాను. "అందుకే ఎవరికీ తట్టలేదు. మధ్యాహ్నం నుంచి ఆ కొట్టం సెర్వియస్‌దే. కానీ వాడు పొద్దునే చెప్పాడు స్టాటియస్. శవం దొరక్కముందు చెప్పాడు."

నా బుర్రలో నార మోపులు ఒక్కొక్కటే లేచాయి.

శవం తెల్లవారుజామునే బయటపడితే ఇంటికి చావుకొమ్మ కట్టాలి. మైలపడిన ఇంటి మనిషి మైదానంలో పెద్దల ముందుకు వెళ్ళకూడదు. మా తెగకి ఈరోజే ఆఖరు. చెప్పుకోనివాడి ఆస్తి ఊరు లాగేసుకుంటుంది, మనిషిని అమ్మేస్తుంది. అందుకే మధ్యాహ్నం దాకా ఆ శవం దొరక్కూడదు. తండ్రిని రాత్రే చంపాలి, లేకపోతే పొద్దుటికి లీసో పౌరుడైపోతాడు. చంపాక దాచాలి, లేకపోతే కొట్టం పోతుంది. ఇంతవరకూ అంతా బాగానే ఆలోచించాడు.

కానీ అక్కడ జూపిటర్ మీద ఒట్టు వేయించారు. నాన్న పంపాడు అంటే సరిపోయేది. ఆ అబద్ధం వాడి నోట్లోంచి రాలేదు. తండ్రి మెడకి తాడు బిగించగలిగినవాడు దేవుడి మీద అబద్ధపు ఒట్టు వెయ్యలేకపోయాడు.

నేను ఇల్లు చుట్టి సందులోకి వచ్చాను. స్టాటియస్ నాలుగు అడుగుల దూరంలో నా వెనకే వచ్చాడు. ఒఫిలియస్ పీట మీంచి లేచాడు.

"మళ్ళీ ఏంటి?"

"కొరడా ఆపించు. చంపినవాడు నడవాలో కూర్చున్నాడు."

చెప్పాను. మంచం మీద వెళ్ళిరా అన్న తండ్రి సంగతి, మైదానంలో చేసిన ప్రమాణం సంగతి, రెండూ పక్కపక్కన పెట్టి చెప్పాను. ఒఫిలియస్ మూర్ఖుడు కాదు, అదే నా కోపం. సగంలోనే అతనికి అర్థమైంది. అయినా ఒక ప్రయత్నం చేశాడు.

"ముసలాడు కొడుకుని చట్టప్రకారం విడిచిపెట్టి ఉండొచ్చుగా?"

"కొడుకుని విడిపించాలంటే సాక్షుల ముందు మూడుసార్లు అమ్మినట్టు నడిపించాలి. ఈ వీధిలో పిల్లి ఈనినా అందరికీ తెలుస్తుంది. పోనీ విడిచిపెట్టాడే అనుకో. అప్పుడు కొట్టం తండ్రిదే అవుతుంది, కొడుకుది ఎలా అవుతుంది? నాది అని ఒట్టేసి చెప్పాడు. విన్నవాడు ఇక్కడే ఉన్నాడు."

స్టాటియస్ తల ఊపాడు. ఊపాక ఎందుకు ఊపానా అన్నట్టు చుట్టూ చూశాడు.

ఒఫిలియస్ మొహంలో రక్తం లేదు. నా దగ్గరికి వచ్చాడు. నా మైల కూడా మరిచిపోయాడు. గొంతు బాగా తగ్గించాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. నీకు తెలిసి మాట్లాడుతున్నావో తెలియక మాట్లాడుతున్నావో. ఇంట్లో శవాన్ని పెట్టుకుని వాడు ఆ కంచె లోపలికి వెళ్ళాడు. పెద్దల ముందు నిలబడ్డాడు. మైలమనిషి! ఇది బయటికి వస్తే ఈ లెక్కంతా చెడినట్టే. ఊరు ఊరంతా మళ్ళీ మొదటినుంచీ వచ్చి నిలబడాలి. రేపటికి ఎద్దుకి దండ కూడా కట్టేశారు."

"దండ విప్పండి."

"పెద్దలు నా తోలు ఒలుస్తారు!"

"లీసో తోలు ఒలిచింది సరిపోలేదా?"

"వాడు బానిస! ఒక్కడు! ఊరు మొత్తానికి ఒక్కడు పోతే ఏమవుతుంది?" కాటిమనిషి వైపు తిరిగాడు. "విచారణ అయిపోయింది. వీణ్ణి విప్పు. పొద్దుగుంకే లోపల తీసుకెళ్ళి వేలాడదీసెయ్యండి."

"నీకు తెలిసీ!" అన్నాను. "అతను చంపలేదని తెలిసీ!"

"నాకేమీ తెలియదు. నేను శవాన్ని చూడలేదు. నువ్వే అన్నావుగా."

అతని మొహం మీద ఉమ్మాలనిపించింది. ఆ లోపే నా వెనక ఒక వింత చప్పుడు వినిపించింది. స్టాటియస్. తన భుజాన్ని రెండో చేత్తో గీక్కుంటున్నాడు. చర్మం ఊడిపోయేలా గీక్కుంటున్నాడు.

"నన్ను ముట్టుకున్నాడు," అన్నాడు. "తండ్రిని చంపిన చేత్తో నన్ను ముట్టుకున్నాడు. వాడి వెనకే నేను ఒట్టు వేశాను. నా ఒట్టు చెడింది. నా ఇల్లు, నా పిల్లలు, నీ మేకలు, అన్నీ ఆ మైలలోనే చెప్పాను వదినా!"

"నోరు ముయ్యి!" అన్నాడు ఒఫిలియస్.

స్టాటియస్‌కి ఎప్పుడూ అధికారులంటే భయం. కానీ దేవుళ్ళంటే ఇంకా భయం. సందులో మూగినవాళ్ళ మధ్యకి పరిగెత్తి రెండు చేతులూ ఎత్తేశాడు.

"మైల! మైలపడ్డాం! పొద్దున ప్రమాణం చేసిన వాళ్ళందరం మైలపడ్డాం! రాత్రే చచ్చాడు ముసలాయన! శవాన్ని ఇంట్లో పెట్టుకుని వచ్చాడు!"

అక్కడున్నవాళ్ళంతా మా తెగవాళ్ళే. పొద్దున అందరూ అదే వరసలో నిలబడ్డవాళ్ళు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఒకడు చేతులు బట్టకి తుడుచుకున్నాడు. ఒకావిడ తన మొగుడికి దూరంగా జరిగింది. "ఎవడు? ఎవడు తెచ్చాడు?" అని ఎవరో అరిచారు. తర్వాత అందరూ అరిచారు. కిందకి వంగి రాళ్ళు ఏరుకుంటున్నారు.

ఆ గోలకి సెర్వియస్ పెరట్లోకి వచ్చాడు. గుంపుని చూశాడు. రాళ్ళు చూశాడు. క్షణం కూడా ఆలోచించలేదు.

"వాడే!" వేలు చాపి లీసోని చూపించాడు. "ఆ గ్రీకు కుక్కే మా నాన్నని చంపాడు! నేను వెళ్ళేటప్పుడు నాన్న బతికే ఉన్నాడు! మైల తెచ్చింది వాడే!"

గుంపు లీసో వైపు తిరిగింది. అతను గుంజ కింద కూలబడి ఉన్నాడు. కట్లు విప్పారు గానీ లేచే ఓపిక లేదు. వాకిలి తోసుకుని ఇద్దరు లోపలికి దూసుకెళ్ళారు.

నేను వీధిలో ఎన్నడూ గొంతెత్తినదాన్ని కాదు. ఆ అరుపు నాదేనని నాకే కాసేపటిదాకా తెలియలేదు.

"ఒట్టు వెయ్యమనండి! పొద్దున వేసినట్టే వెయ్యమనండి! జూపిటర్ మీద, మనస్సాక్షిగా, వాళ్ళ నాన్న పొద్దున బతికే ఉన్నాడని ఒట్టేసి చెప్పమనండి! అప్పుడు లీసోని చంపండి!"

గుంపు ఆగింది. లోపలికెళ్ళిన ఇద్దరిలో పెద్దవాడు చేతిలో రాయి అలాగే పట్టుకుని సెర్వియస్ వైపు చూశాడు.

"వెయ్యి నాయనా," అన్నాడు. "నిజమేగా. వేస్తే నీకు పోయేదేముంది?"

"వెయ్యి!" అన్నారు వెనకవాళ్ళు. "ఒట్టెయ్యి! ఒట్టెయ్యి సెర్వియస్!"

అతను కుడిచెయ్యి ఎత్తాడు. "జూపిటర్ మీద ఆన," అన్నాడు. గొంతు బాగానే వచ్చింది. "నా మనస్సాక్షిగా. మా నాన్న..."

పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయాడు. కళ్ళమ్మట నీళ్ళు కారి బూడిదలో గీతలు పడ్డాయి.

రాళ్ళు పట్టుకున్న చేతులన్నీ లీసో మీంచి అతని వైపు తిరిగాయి.

నాకు సంతోషం కలగాలి. ఒక్క క్షణం కలిగింది కూడా. వెంటనే లీసో వైపు చూశాను. పెద్దాయన పోయాడు. ఇప్పుడు లీసో యజమాని సెర్వియస్. ఇతను పెద్దల ముందుకు వెళ్ళి, ప్రాణంతో నిలబడి, నేనే చంపానని ఒప్పుకోకపోతే లీసో మాట ఎవడు నమ్ముతాడు? ఇక్కడే రాళ్ళ కింద చస్తే, రేపు ఒఫిలియస్ తన ఇష్టం వచ్చినట్టు చెప్పుకుంటాడు. యజమానుల్ని ఇద్దర్నీ పోగొట్టుకున్న బానిసకి ఒక్కటే దారి ఉంటుంది, అది వేలాడే దారి.

ఒఫిలియస్ వైపు చూశాను. అతనికి నాకంటే ముందే తట్టినట్టుంది. గుంపుకి దారి ఇస్తున్నట్టు నెమ్మదిగా గోడవైపు జరుగుతున్నాడు. మొహంలో రక్తం మళ్ళీ వచ్చింది.

వాకిలి దాటి పెరట్లోకి పరిగెత్తాను. ప్రపంచంలో నేను అందరికంటే ఎక్కువగా అసహ్యించుకుంటున్న మనిషి ముందు చేతులు చాపి నిలబడ్డాను.

"వీణ్ణి ముట్టుకోకండి!" అన్నాను. "వీడు బతకాలి!"

మొదటి రాయి నా భుజానికి తగిలింది.